సైక్లమెన్: వేసవిలో నిద్రించు పూలమొక్క

శీతల దేశములలో నివసించు మన తెలుగు కుటుంబములకు డిసెంబరు మాసమున ఇరుగుపొరుగువారి నుండియో, కార్యాలయ మిత్రుల నుండియో కానుకగా వచ్చు కుండీమొక్కలలో సైక్లమెన్ ఒకటి. హృదయాకారపు ఆకులు, వానిపై వెండి చారలు, నిటారుగా నిలిచిన కాడల చివర ఎరుపు, గులాబి, తెలుపు వన్నెల పూలు చూచువారికి కన్నుల పండువుగా ఉండును. ఇంతటి అందమైన మొక్కను ఇంటిలోని మిక్కిలి వెచ్చని గదిలో, అతిథులకు కనబడుచోట, నిలుపుట సహజము. మూడు వారములు గడచునప్పటికి ఆకులు పసుపుబారును, కాడలు వ్రాలును. నీరు చాలలేదని తలచి ఇంటివారు మరికొంత పోయుదురు. ఫిబ్రవరి నాటికి కుండీలో ఎండిన కాడలు తప్ప మరేమియు కనబడదు. అంతట ఆ కుండీ చెత్తబుట్ట పాలగును.

ఇట్లు పారవేయబడు మొక్కలలో పెక్కు నిజముగా చచ్చినవి కావు. మట్టిలోని దుంప సజీవముగనే ఉండి విశ్రాంతి తీసికొనుచుండును. నిద్రించుచున్న దుంపను చచ్చినదని పారవేయుట ఒక అపచారము. ఆ నిద్రలో నీరు పోసి కుళ్లబెట్టుట రెండవ అపచారము. ఈ మొక్క ఎప్పుడు మేల్కొనునో, ఎప్పుడు నిద్రించునో, ఎందులకట్లు చేయునో తెలిసికొన్నచో ఒకే దుంప ఏండ్ల తరబడి పూలనిచ్చును. ఆ సంగతిని, ఇంటిలో పెంచు విధమును, తోటలో పెంచు విధమును ఈ ప్రసంగమున మేము వివరింపదలచితిమి.

ముందుగా మొక్క స్వరూపమును చెప్పుదుము. సైక్లమెన్ ప్రిమ్‌రోజ్ కుటుంబమునకు చెందినది. దీనిలో 20కి పైగా జాతులు కలవు. ప్రతి పువ్వునకు ఐదు రేకులుండును. పువ్వు ముఖము నేలవైపు వంగియుండగా రేకులు మాత్రము వెనుకకు మడిగి ఆకాశమువైపు లేచియుండును. దూరమునుండి చూచినచో సీతాకోకచిలుకలు రెక్కలు పైకెత్తి వ్రాలినట్లు తోచును. మట్టిలో గుండ్రముగా, కొంచెము చదునుగా ఒక దుంప ఉండును. గ్రీకు భాషలో వలయమను అర్థముగల పదము నుండి ఈ మొక్కకు పేరు వచ్చినది. దుంప గుండ్రదనమును బట్టి వచ్చినదని కొందరు, కాయ కాడ చుట్టలు చుట్టుకొనుటను బట్టి వచ్చినదని మరికొందరు చెప్పుదురు. ప్రాచీన గ్రీకు వృక్షశాస్త్రజ్ఞుడైన థియోఫ్రాస్టసు తన గ్రంథమున ఈ మొక్కను పేర్కొనియున్నాడు. అడవిపందులు దుంపలను త్రవ్వి తినుటచే ఐరోపా పల్లెలలో దీనికి పందిరొట్టె యను అర్థము వచ్చు పేరు కూడ వాడుకలో నుండెను.

ఈ జాతులలో అత్యధికము మధ్యధరా సముద్రపు పరిసరములలో జన్మించినవి. స్పెయిను దేశపు బలియారిక్ ద్వీపములు మొదలు ఇటలీ, గ్రీసు, టర్కీ, సిరియా, లెబనాను దేశముల మీదుగా కాస్పియన్ సముద్రపు దక్షిణ తీరము వరకు ఇవి వ్యాపించియున్నవి. ఒక జాతి సైప్రస్ ద్వీపమున తప్ప వేరెచ్చటను సహజముగా పెరుగదు. ఆఫ్రికాలోని సోమాలియా కొండలలో మాత్రమే పెరుగు మరియొక జాతిని వృక్షశాస్త్రజ్ఞులు 1989లో ప్రపంచమునకు పరిచయము చేసిరి. ఇండ్లలో పెంచు జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సైక్లమెన్ పెర్సికం, అనగా పారసీక సైక్లమెన్. వింత యేమనగా నేటి ఇరాను దేశమున ఈ జాతి సహజముగా పెరుగదు. దక్షిణ టర్కీ, సిరియా, లెబనాను, పాలస్తీనా ప్రాంతముల రాతి కొండలు, కొన్ని గ్రీకు ద్వీపములు, ఉత్తరాఫ్రికాలో ట్యునీసియా, అల్జీరియా దీని పుట్టినిండ్లు.

పుట్టినింటి వాతావరణమును గుర్తుంచుకొన్నచో ఈ మొక్క నడవడి యంతయు బోధపడును. మధ్యధరా ప్రాంతమున వానలు మనవలె వేసవి చివర ఆరంభము కావు. అచ్చట అక్టోబరు, నవంబరు మాసములలో తొలకరి కురియును. శీతకాలమంతయు జల్లులు పడును. ఏప్రిలు, మే మాసములకు నిలిచిపోవును. ఆ పిమ్మట నాలుగైదు మాసములు చుక్క వాన లేక నేల బీటలువారును. సైక్లమెన్ ఈ క్రమమునకే అలవాటుపడినది. తొలకరికి మేల్కొనును, చలిలో ఆకులు తొడిగి పూయును, వేసవి ఎండలకు ఆకులు రాల్చి, దుంపలో ఆహారము దాచుకొని నిద్రించును.

ఇది మన పల్లెలకు క్రొత్త విషయము కాదు. మన రైతు వేసవి చివర కంద నాటును. వానలకు అది మొలచి గొడుగువలె విచ్చుకొనును. వానలు వెనుకపడి చలి ముదిరినప్పుడు కాడ పండి నేలకొరగును. అప్పుడు కంద చచ్చినదని ఏ రైతును దుఃఖింపడు. దుంప ఊరినదని సంతోషించును. పసుపు చేనును అంతే. ఆకు ఎండిన పిదపనే కొమ్ములు త్రవ్వుదురు. సైక్లమెన్ కూడ కందవంటిదే. కాని కంద వర్షకాలమున మేల్కొని చలికి నిద్రించును. సైక్లమెన్ చలికి మేల్కొని వేసవికి నిద్రించును. రెండును వానను అనుసరించి నడచునవే. వాన కురియు కాలమే వేరు.

ఇప్పుడు వెచ్చని గదిలో జరుగుచున్న అనర్థమునకు కారణము తేటపడగలదు. బయట మంచు కురియుచున్నను గదిలో యంత్రముచే 22, 24 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కల్పించుకొని మనము సుఖముగా నుందుము. ఆ వేడి తగిలి మొక్క వేసవి వచ్చినదని తలచి, ఆకులను పండించి నిద్రకు ఉపక్రమించును. మనమేమో నీరు పోయుదుము. నిద్రించు దుంపకు నీటిని పీల్చుకొను శక్తి ఉండదు. తడి నిలిచి, బూజు పట్టి, దుంప మెత్తబడి కుళ్లును. చలి వలన కంటె మన ప్రేమ వలననే ఈ మొక్కలు ఎక్కువగా నశించుచున్నవి.

కావున ఇంటిలో సైక్లమెన్‌ను పెంచువారు ముందుగా చల్లని చోటును ఎన్నుకొనవలెను. 10 మొదలు 16 డిగ్రీల వరకు వేడిమి దీనికి హితము. 20 డిగ్రీలు దాటినకొలది పూల ఆయువు తగ్గును. వేడి సోకని మెట్ల దారి కిటికీ, వీధివాకిలి వద్ద నడవ, అద్దములు బిగించిన వరండా ఇందులకు తగిన తావులు. నీరు గడ్డకట్టు చలి మాత్రము ఈ జాతి సహింపదు గాన గదిలో ఆపాటి రక్షణ ఉండవలెను. వేడిగాలి వచ్చు రంధ్రముల ప్రక్కను, రేడియేటరు పైని, టెలివిజను వంటి వెచ్చని యంత్రముల మీదను కుండీని ఉంచరాదు. పగలు హాలులో అతిథులకు చూపదలచినచో కొన్ని గంటలు అచ్చట నుంచి, రాత్రి తిరిగి చల్లని చోటికి చేర్చుట మంచిది. వెలుతురు సమృద్ధిగా కావలెను గాని తీక్ష్ణమైన ఎండ తగులరాదు. తూర్పు కిటికీ శ్రేష్ఠము.

నీరు పోయుటలో రెండు నియమములు పాటింపవలెను. మొదటిది, దుంప నడిమి భాగమున ఎన్నడును నీరు పోయరాదు. అచ్చట మొగ్గలు, లేత ఆకులు ఒక్కచోట గుమిగూడియుండును. వాని నడుమ నీరు నిలిచినచో బూడిద రంగు బూజు పట్టి మొగ్గలు కుళ్లును. కుండీ అంచు వెంబడి పోయవచ్చును. అంతకంటె సులభమైన పద్ధతి, కుండీని నీరున్న పళ్లెములో పదిహేను నిమిషములుంచి, పైమట్టి చెమ్మగిల్లగనే తీసి, మిగులు నీరు కారిపోనిచ్చుట. కుండీ అడుగున నీరు నిలువరాదు. రెండవ నియమము, పైమట్టి ఆరిన తరువాతనే మరల నీరు పోయుట. దీనికి తిథివారములు లేవు. వ్రేలితో మట్టిని తాకి చూడవలెను. కుండీని చేతితో ఎత్తి చూడవలెను.

ఆకులు వ్రాలినప్పుడు తొందరపడక ఈ పరీక్షయే చేయవలెను. కుండీ తేలికగా నున్నచో మొక్కకు దాహమైనదని అర్థము. పళ్లెములో నీరు పెట్టినచో కొన్ని గంటలలో తేరుకొనును. కుండీ బరువుగా, మట్టి తడిగా ఉండియు ఆకులు వ్రాలినచో వేళ్లు కుళ్లుచున్నవన్నమాట. అప్పుడు నీరు పోయుట అగ్నిలో ఆజ్యము పోయుట వంటిది. నీరు మాని, గాలి తగులుచోట నుంచి, మట్టి ఆరనీయవలెను. రెంటిలోను పైకి కనబడు లక్షణమొక్కటే; చికిత్స మాత్రము ఒకదానికొకటి విరుద్ధము.

వాడిన పూలను, పండిన ఆకులను కత్తెరతో కత్తిరింపరాదు. మిగిలిన మొదలు కుళ్లి దుంపకు చెరుపు చేయును. కాడను మొదటివద్ద పట్టుకొని మెలిపెట్టి లాగినచో శుభ్రముగా ఊడివచ్చును. ఇట్లు వాడిన పూలను ఎప్పటికప్పుడు తీసివేయుచున్నచో మొక్క తన బలమును కాయలకు వ్యయము చేయక క్రొత్త మొగ్గలకు వినియోగించును. పూయు కాలమున రెండు మూడు వారములకొకసారి నత్రజని తక్కువగాను, పొటాషు ఎక్కువగాను ఉన్న ద్రవపు ఎరువును పలుచగా కలిపి ఇయ్యవచ్చును. నత్రజని అధికమైనచో ఆకులు బలియునే గాని పూలు రావు.

వసంతము వచ్చి పూలు ముగిసిన పిమ్మట ఆకులు ఒకటొకటిగా పసుపుబారును. నిద్రకు వేళయైనదని అదియే గుర్తు. నీటిని ఒక్కసారిగా మానక క్రమముగా తగ్గించుచు రావలెను. ఆకులన్నియు ఎండిన తరువాత వానిని తీసివేసి, కుండీని వాన పడని, ఎండ తగులని చల్లని నీడలో రెండు మూడు మాసములుంచవలెను. ఆరుబయట ఉంచువారు, వాన నీరు నిలువకుండ కుండీని ప్రక్కకు వాల్చి పెట్టుదురు. మట్టి బొత్తిగా ఎండి దుంప ముడుతలు పడకుండ ఎప్పుడైన కొద్దిపాటి చెమ్మ చూపినచో చాలును. తోటలలో అభివృద్ధి చేసిన కొన్ని రకములు వేసవిలో సైతము కొన్ని ఆకులను నిలుపుకొనును. అట్టివానిని బలవంతముగా ఎండబెట్టరాదు. చల్లని నీడలో ఉంచి తక్కువ నీటితో కాపాడవలెను.

దుంప బ్రతికియున్నదో లేదో తెలియనివారు వ్రేలితో నొక్కి చూడవలెను. గట్టిగా నున్నచో అది నిద్ర. మెత్తగా అణగి దుర్వాసన వచ్చినచో కుళ్లు. ఈ పరీక్ష చేయక ఏ కుండీని పారవేయరాదని మా మనవి.

ఆగస్టు, సెప్టెంబరు మాసములలో దుంప నడుమ చిన్న మొటికల వంటి చిగుళ్లు కనబడును. అప్పుడు క్రొత్త మట్టిలోనికి మార్చవలెను. ఆకుల ఎరువు, తోటమట్టి, ముతక ఇసుక కలిపిన గుల్లమట్టి పనికివచ్చును. దుంప కంటె కొంచెమే పెద్దదైన కుండీ చాలును. పెద్ద కుండీలో తడి ఎక్కువ కాలము నిలుచును. ఈ పారసీక జాతి దుంపను సగము మట్టిలోను, సగము మట్టిపైనను ఉండునట్లు నాటవలెను. మొదట కొలదిగా నీరు పోసి, ఆకులు విచ్చుకొన్న కొలది పెంచవలెను. శీతకాలము నాటికి అది మరల పూయును.

ఇక తోటలో పెంచు విధము. ఇంటిలోని జాతిని మంచు గడ్డకట్టు దేశములలో ఆరుబయట నాటినచో చలికి చచ్చును. ఆరుబయటకు వేరు జాతులు కలవు. వానిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది హెడెరిఫోలియం. ఐవీ తీగ ఆకును పోలిన ఆకులు కలది గాన ఈ పేరు వచ్చినది. వేసవి చివరను, శరత్తులోను మొదట పూలు పూచి, పిదప ఆకులు తొడుగును. ఆ ఆకులు శీతకాలమంతయు నేలపై చిత్రించిన తివాచీవలె పరచుకొనియుండును. రెండవది కూమ్. గుండ్రని ఆకులు, పొట్టి పూలు కలిగి జనవరి మొదలు మార్చి వరకు, ఒక్కొక్కప్పుడు మంచు నడుమనే పూయును. ఈ రెండును మైనస్ 10 డిగ్రీల చలిని సైతము ఓర్చుకొనగలవు. పూలు వ్రేలెడంత చిన్నవే యైనను రెంటిని కలిపి నాటుకొన్నవారికి శరత్తు మొదలు వసంతారంభము వరకు ఏదో యొక పువ్వు కనబడును.

వీనికి తగిన చోటు ఆకురాల్చు చెట్ల క్రిందనుండు నేల. వేసవిలో చెట్టు ఆకులతో నిండి నేలకు నీడనిచ్చును; చెట్టు వేళ్లు నేలలోని తడిని పీల్చి పొడిగా నుంచును. సైక్లమెన్ నిద్రకు కావలసినది అదియే. శీతకాలమున చెట్టు మోడువారి వెలుతురు క్రిందికి దిగును. అదియే దీని మేలుకొలుపు కాలము. గడ్డియైనను సరిగా మొలవని చెట్టు మొదటనే ఈ చిన్నమొక్క సుఖముగా జీవించుట విశేషము. నీరు నిలుచు బంకమట్టి మాత్రము పనికిరాదు.

ఈ జాతుల దుంపలను 3 మొదలు 5 సెంటీమీటర్ల లోతున, జానెడు ఎడమున నాటవలెను. నాటునప్పుడు ఏది పైభాగమో గుర్తించుట అవసరము. హెడెరిఫోలియం దుంపకు వేళ్లు పైభాగమునుండియు, ప్రక్కలనుండియు వచ్చును. అడుగు నున్నగా గుండ్రముగా ఉండును. వేళ్లు అడుగుననే ఉండునను తలంపుతో చాలమంది దానిని తలక్రిందులుగా నాటుదురు. కూమ్ జాతికి మాత్రము వేళ్లు అడుగునుండియే వచ్చును. ఎండిన దుంపలను కొనుట కంటె, ఆకులతో కుండీలో పెరుగుచున్న మొక్కలను కొని నాటుట మేలు. ఎండిన దుంపలలో కొన్ని ఎన్నటికి మేల్కొనవు. ఆకులున్న మొక్క సంగతి కంటికి కనబడుచునే యుండును. ఒకసారి నాటిన తరువాత త్రవ్వక, కదలింపక విడువవలెను. ఏటేట శరత్తున రాలిన ఆకుల ఎరువును పలుచగా పైని చల్లిన చాలును. ఇట్లు విడిచిన హెడెరిఫోలియం దుంప దశాబ్దముల కాలము జీవించి, అన్నము తిను పళ్లెమంత వెడల్పు కాగలదు.

ఏ ఊరిలోనివారు ఏ పద్ధతి అనుసరింపవలెనో చెప్పుదుము. లండను, బర్మింగుహాము వంటి ఆంగ్ల నగరములలోను, అమెరికాలో న్యూజెర్సీ ప్రాంతమునను నివసించువారు హెడెరిఫోలియం, కూమ్ జాతులను ఆరుబయట చెట్ల నీడన నాటుకొని, పారసీక జాతిని ఇంటి చల్లని కిటికీలో నుంచుకొనవచ్చును. కాలిఫోర్నియా తీర నగరముల సంగతి వేరు. అచ్చటి వానలు మధ్యధరా ప్రాంతమున వలెనే శీతకాలమున కురియును. వేసవి పొడిగా నుండును. అచ్చట పారసీక జాతిని సైతము శీతకాలమున ఆరుబయట మడులలో నాటుట వాడుక. వేసవిలో ఆ మడులకు నీరు పెట్టకున్నచో చాలును. ఆస్ట్రేలియాలోనివారు మేము పేర్కొన్న నెలలను ఆరు మాసములు వెనుకకు జరిపి లెక్కించుకొనవలెను. అచ్చట మే, జూను మాసములే దీని పూల ఋతువు.

మన ఆంధ్ర, తెలంగాణ మైదానముల మాటేమని శ్రోతలు అడుగవచ్చును. మే మాసమున 40 డిగ్రీలు దాటు ఎండ, ఆ వెంటనే నేలను నానబెట్టు వానకాలము దీని తత్త్వమునకు పూర్తిగా విరుద్ధములు. పొడిగా నిద్రింపవలసిన మాసములలో తడి గాలి, వెచ్చదనము కలిసి దుంపను కుళ్లబెట్టును. నీలగిరుల వంటి చల్లని కొండలపై కుండీలలో దీనిని పెంచుట సాధ్యమే. మైదానములలోనివారికి ఎవరైనను తెచ్చి యిచ్చినచో డిసెంబరు, జనవరి మాసముల అతిథిగా భావించి, ఉత్తరపు కిటికీలో చల్లగా నుంచి, పూసినన్నాళ్లు చూచి ఆనందింపవలెను. మన నేలకు మన కంద, మన పసుపు, మన లిల్లీ దుంపలు ఉండనే యున్నవి.

సైక్లమెన్ దుంప పిల్లలు పెట్టదు. కందవలె ముక్కలు కోసి నాటుటయు సామాన్యముగా ఫలింపదు. కోసిన దుంప కుళ్లును. విత్తనమొక్కటే దీనికి వంశోద్ధారకము. పువ్వు వాడిన పిదప పెక్కు జాతులలో కాయ కాడ గడియారపు తీగవలె చుట్టలు చుట్టుకొని కాయను నేలకు దింపును. పారసీక జాతిలో మాత్రము కాడ చుట్టుకొనక వంగును. విత్తనములపై తీయని జిగురుపూత ఉండును. కాయ పగిలినంతనే చీమలు ఆ తీపికై విత్తనములను మోసికొనిపోవును. తీపి తిని విత్తనమును దూరమున విడిచివేయును. అచ్చట క్రొత్త మొక్క మొలచును. నాటని చోట గోడ సందులలో సైక్లమెన్ మొలచినచో ఆ పని చీమలదే.

ఇంటిలో విత్తువారు విత్తనములను ఒక రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టి, అర సెంటీమీటరు లోతున విత్తి, వెలుతురు సోకకుండ మూసి, 15 మొదలు 18 డిగ్రీల చల్లదనమున ఉంచవలెను. వెచ్చదనము ఎక్కువైనచో విత్తనము మొలకెత్తుటకు నిరాకరించును. మొలకెత్తుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మొదట కనబడునది ఒకే ఆకు. దాని క్రిందనే ఆవగింజంత దుంప ఏర్పడుచుండును. పారసీక జాతి పూయుటకు ఏడాది మొదలు ఏడాదిన్నర, తోట జాతులు పూయుటకు రెండు మూడేండ్లు పట్టును.

పిల్లలు, పెంపుడు జంతువులు గల ఇండ్లవారికి ఒక హెచ్చరిక. సైక్లమెన్ దుంపలో సపోనిన్లను పదార్థములు కలవు. మన కుంకుడుకాయ నురుగునకు కారణము కూడ ఈ వర్గపు పదార్థములే. దుంపను కొరికినచో నోరు మండి, వాంతులు, విరేచనములు కలుగును. పిల్లులకు, కుక్కలకు మరింత హాని. పూర్వము కొన్ని ప్రాంతములలో ఈ దుంపలను దంచి నీటిలో కలిపి చేపలను మత్తెక్కించి పట్టెడివారు. పాలస్తీనా, జోర్డాను పల్లెలలో అడవి సైక్లమెన్ ఆకులలో బియ్యము, మాంసము చుట్టి వండుట పూర్వాచారమైనను, మందులు చల్లి పెంచిన కుండీమొక్క ఆకులతో ఆ ప్రయోగము చేయరాదు. కుండీని పసివారి చేతికి అందని ఎత్తున ఉంచుట ఉత్తమము.

చీడలలో ముఖ్యముగా గమనింపవలసినది కుండీమట్టిలో చేరి దుంపను తొలుచు తెల్లని పురుగు. తడి సరిగా నున్నను మొక్క అకస్మాత్తుగా వాడినచో దుంపను బయటికి తీసి మట్టిని వెదకి చూడవలెను. ఆకులు ముడుచుకొని, మొగ్గలు వంకరపోయినచో కంటికానని నల్లివంటి పురుగు చేరినదని అనుమానించి ఆ కుండీని తక్కిన మొక్కలనుండి వేరుచేయవలెను.

చివరకు, కొనువారి బాధ్యతను గూర్చి ఒక మాట. తోటలకు అమ్మబడు దుంపలలో ఒకప్పుడు పెద్ద భాగము పెంచినవి కావు. టర్కీ మొదలగు దేశముల కొండలలో త్రవ్వి తెచ్చినవి. దుంప పిల్లలు పెట్టదనియు, విత్తనమునుండి పూత దశకు వచ్చుటకు ఏండ్లు పట్టుననియు పైని చెప్పియున్నాము. అట్టి మొక్కను కొండపై ఒక్క దినమున త్రవ్వినచో ఆ లోటు తీరుటకు ఎన్ని ఏండ్లు కావలెనో ఊహింపవచ్చును. అంత శ్రమపడి తెచ్చిన దుంపలలో ఎన్నియో ఎండి, తలక్రిందులుగా నాటబడి, వ్యర్థమయ్యెడివి. ఈ కారణమున అంతరించు ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారమును నియంత్రించు అంతర్జాతీయ ఒడంబడిక క్రింద 1975లో సైక్లమెన్ జాతులన్నింటిని చేర్చిరి. నాటినుండి అడవి దుంపలను దేశము దాటించుటకు ప్రభుత్వానుమతి కావలెను. కుండీలలో పెరుగుచు పూలతో అమ్మబడు పారసీక జాతి తోటరకములు ఈ నిబంధనలోనికి రావు. అవి విత్తనముల నుండి పెంచినవి. 1977లో బ్రిటనులో ఏర్పడిన సైక్లమెన్ సంఘము ఈ మొక్కల పెంపకమునకు, పరిరక్షణకు కృషి చేయుచున్నది. తోటకై కొనునప్పుడు ఇవి విత్తనము నుండి పెంచినవా, అడవినుండి తెచ్చినవా యని అమ్మువానిని అడుగుట మన ధర్మము. స్వదేశమునకు వచ్చునప్పుడు దుంపలను పెట్టెలలో వేసికొని వచ్చుటయు తగదు. మొక్కల రాకపోకలకు ప్రతి దేశమునను చట్టములు కలవు.

ఈ శీతకాలమున మీ ఇంటికి సైక్లమెన్ కానుకగా వచ్చినచో దానిని చల్లని కిటికీలో నిలుపుడు. నీరు అంచు వెంబడి, మట్టి ఆరిన పిదపనే పోయుడు. వేసవి వచ్చి ఆకులు రాలినప్పుడు కుండీపై పూసిన నెలను వ్రాసి నీడన పెట్టుడు. సెప్టెంబరులో ఒకసారి తీసి చూడుడు. దుంప గట్టిగా నుండి, నడుమ చిగురు పొడసూపినచో నీరు పోయుడు.